స్నేహితుడి స్టీరియో వినడానికి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా స్పీకర్లు కొన్న మనిషికి కాలు ఒక చోట నిలవదు. ఎవరినో ఒకరిని కూర్చోబెట్టి వినిపించాలి. ఆ ఎవరో ఒకరు మీరై, విన్నది అంతంతమాత్రంగా ఉంటే ఏమనాలో తెలియక నీళ్లు నమలాల్సి వస్తుంది. మరీ దారుణంగా ఉంటే ఒకందుకు నయం, ఏదో పాడైందనుకుని ఇద్దరూ కలిసి వైర్లు పీకి చూస్తారు. అన్నీ సరిగ్గానే పనిచేస్తూ, సౌండ్ మాత్రం గొప్పగా లేకుండా, యజమాని మురిసిపోతూ ఉంటేనే అసలు చిక్కు. కింది ప్రశ్నలన్నీ ఆ చిక్కు గురించే.

పాట అయిపోగానే నా వైపు తిరిగి "ఎలా ఉంది?" అంటాడు. ఏం చెప్పాలి?

ముందు అతను అడుగుతున్నదేమిటో చూడండి. చాలాసార్లు స్పీకర్ల మీద తీర్పు చెప్పమని అడగడు. నెలల తరబడి రివ్యూలు చదివాడు, తెలిసినవాళ్లందరినీ విసిగించాడు, ఇంట్లో ఒప్పించాడు, కొన్నాడు, వైర్లు తనే బిగించుకున్నాడు, ఒక్కడే కూర్చుని విన్నాడు. ఇప్పుడు పక్కన ఇంకో మనిషి కావాలి. అందుకని పాట గురించి మాట్లాడినా అతని ప్రశ్నకి జవాబు చెప్పినట్టే. "ఆ చరణం చివర వెనకాల ఫ్లూట్ ఉందని నాకిప్పటిదాకా తెలియదురా" అంటే చాలు, ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్లీ వినిపిస్తాడు. ఆ తర్వాత పది నిమిషాలు అతనే మాట్లాడతాడు.

ఉత్త "సూపర్" అని ఊరుకోకండి. ఆ మాట ఎవరైనా దేనికైనా అంటారు కాబట్టి అతనికి అనుమానం వస్తుంది, "నిజం చెప్పు" అని రెట్టిస్తాడు. రెట్టించాక తప్పించుకోవడం కష్టం. విన్నదాంట్లో నిజంగా బాగున్న విషయం ఒక్కటి, ఎంత చిన్నదైనా సరే, ఫలానా అని చెప్పండి.

మనసులో అంతంతమాత్రం అనిపించినా బాగుందనడం అబద్ధం కాదా?

అతని సంతోషం చూసి "బాగుంది" అన్నంత మాత్రాన కొంప మునగదు. మునిగే మాటలు వేరే ఉన్నాయి. "ఇంతకన్నా మంచిది నేనెక్కడా వినలేదు" అంటే రేపు ఇంకో నలుగురి దగ్గర మీ పేరు చెప్పి ఆ మాట అంటాడు. "నేనూ ఇదే కొంటాను" అంటే, మీరు వేరేది కొన్న రోజున సంగతి అర్థమైపోతుంది. అన్నిటికన్నా చేటు, అతను వేస్తున్న తర్వాతి ప్లాన్‌కి తలూపడం. "దీనికి ఇంకా పెద్ద సబ్‌వూఫర్ (కింది స్వరాల కోసం విడిగా పెట్టే స్పీకర్) తగిలిస్తే అదిరిపోతుంది కదా?" అన్నప్పుడు మొహమాటానికి ఊఁ కొట్టారంటే అతని జేబులోంచి డబ్బు తీయించింది మీరే.

అయిపోయిన ఖర్చు విషయంలో మెత్తగా ఉండొచ్చు. కాబోయే ఖర్చు విషయంలో నిజం చెప్పాలి. నేను గీసుకున్న గీత ఇది. కింది జవాబులు చాలావరకు దీన్ని బట్టే ఉంటాయి.

తను కూర్చునే కుర్చీ నాకిస్తున్నాడు. మొహమాటంగా ఉంది.

కూర్చోండి. "ఫర్వాలేదు, ఇక్కడే బాగుంది" అని పక్కనున్న సోఫాలో చతికిలబడకండి. స్టీరియో ఉన్నదే ఆ ఒక్క చోటు కోసం. రెండు స్పీకర్ల నుంచి ఒకే గొంతు ఒకే సమయంలో, ఒకే స్థాయిలో చెవులకి చేరినప్పుడు అది రెంటి మధ్యనున్న ఖాళీలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు 1931లో స్టీరియోకి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. ఇన్నేళ్లలో పరికరాలు ఎన్ని మారినా ఈ కిటుకు మారలేదు. రెండు స్పీకర్లు, వినే మనిషి ఒక త్రిభుజం మూడు మూలల్లో ఉండి, మూడు దూరాలూ సుమారుగా సమానంగా ఉంటే మంచిది. పక్కకి జరిగి కూర్చుంటే దగ్గరున్న స్పీకరే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అక్కడ కూర్చుని విని "పెద్ద తేడా ఏం లేదే" అనుకోవడం అతనికి చేసే అన్యాయం.

రెండు పాటలయ్యాక లేచి "ఇప్పుడు నువ్వు కూర్చో" అనండి. ఆ కుర్చీ అతనిది.

వింటున్నంతసేపూ ఏం చేయాలి?

వినాలి. ఫోన్ జేబులో ఉండాలి. మొదటి పాట పూర్తయ్యేదాకా మీరు మాట్లాడకండి. అతను మాట్లాడితే మాట్లాడనివ్వండి, చాలామంది "ఇదిగో, ఇప్పుడు వస్తుంది చూడు" అంటూ వినాల్సిన చోటే మాటతో కప్పేస్తారు. కళ్లు మూసుకుని పరవశించిపోతున్నట్టు తలూపక్కర్లేదు. నటన ఇట్టే తెలిసిపోతుంది.

ఎంత విన్నా మెచ్చుకోవడానికి ఏమీ దొరకట్లేదు.

దొరుకుతుంది. సాదాసీదా స్పీకర్లలో కూడా గొంతులు సాధారణంగా బాగానే ఉంటాయి. మాట స్పష్టంగా వినబడటానికి కావలసిన స్వరాలు మరీ కిందా మరీ పైనా కాకుండా మధ్యలో ఉంటాయి, ఆ భాగం పలికించడం చిన్న స్పీకర్‌కి కూడా కష్టమేం కాదు. అందుకే ముందు గొంతు వినండి. ఆ తర్వాత తక్కువ వాల్యూమ్‌లో ఎలా ఉందో చూడండి. బిగ్గరగా పెడితే చెవుల్లో గుచ్చే సెట్లు కొన్ని మెల్లగా పెట్టినప్పుడు హాయిగా ఉంటాయి. అదీ లేదంటే అతను చేసిన పని ఉంటుంది: వైర్లు కనబడకుండా సర్దాడేమో, పాత యాంప్లిఫయర్‌ని తనే బాగుచేసుకున్నాడేమో, ఎన్నో ఏళ్లుగా దొరకని రికార్డింగ్ ఒకటి సంపాదించాడేమో. పాటల ఎంపికని మెచ్చుకుంటే సగం పని అయిపోతుంది, నిజానికి ఆ మెప్పు స్పీకర్ల మెప్పు కన్నా ఎక్కువ నచ్చుతుంది.

ఒక్క జాగ్రత్త. "చూడ్డానికి చాలా బాగుంది" అని అక్కడే ఆగిపోకండి. సౌండ్ గురించి అడిగితే రంగు గురించి చెప్పారంటే మీరు దాచిందేమిటో చెప్పేసినట్టే.

నాకు సౌండ్ గురించి అసలేం తెలియదు. ఏదో తెలిసినట్టు మాట్లాడాలా?

అక్కర్లేదు, మీ అంత అదృష్టవంతులు లేరు. "నాకివన్నీ తెలియవు, దేన్ని గమనించాలో చెప్పు" అనండి. అతనికి అంతకన్నా కావలసింది లేదు.

ధర అడగొచ్చా?

వద్దు. అతనే చెబితే "అంతేనా?" అనీ అనొద్దు, "అంతా?" అనీ అనొద్దు. ఆన్‌లైన్‌లో ఎంతుందో చూడ్డానికి అక్కడికక్కడే ఫోన్ తీయడం మరీ ఘోరం.

మా ఇంట్లో ఉన్నది దీనికన్నా చాలా మంచిది. ఆ మాట అనొచ్చా?

వద్దు.

లోపం ఎక్కడుందో నాకు స్పష్టంగా తెలుస్తోంది. నోరు మూసుకుని ఉండాలా?

అది ఏ లోపమన్నదాన్ని బట్టి. ఉన్న స్పీకర్లు అమ్మేసి వేరేవి కొంటే తప్ప పోని లోపమైతే చెప్పి ప్రయోజనం లేదు, అతని నిద్ర చెడుతుంది అంతే. కానీ నేను చూసినంతవరకు ఇళ్లల్లో సెట్లు అంతంతమాత్రంగా వినిపించడానికి కారణం చాలాసార్లు స్పీకర్ కాదు, దాన్ని పెట్టిన చోటు. పైసా ఖర్చు లేకుండా బాగయ్యేదాన్ని మర్యాద పేరుతో దాచడం స్నేహం అనిపించుకోదు.

గొంతు మధ్యలో నిలవకుండా గదంతా చెదిరిపోయి, బేస్ (కింది స్వరాలు) పలచగా ఉందంటే ముందు వైర్లని అనుమానించండి. ఒక స్పీకర్ వెనక ఎర్ర, నల్ల టెర్మినళ్ల దగ్గర వైర్లు తారుమారైతే ఒక స్పీకర్ కోన్ (ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం పుట్టించే గరాటు లాంటి పొర) ముందుకొస్తున్నప్పుడు రెండోది వెనక్కి పోతుంది, కింది స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. యాంప్లిఫయర్ (యాంప్) ఆఫ్ చేసి ఒక్క వైపు వైర్లు సరిచేస్తే రెండు నిమిషాల్లో సెట్ మారిపోతుంది. మొత్తం వ్యవహారంలో ఇంత సులువుగా, ఇంత పెద్ద తేడా తెచ్చేది ఇంకోటి లేదు.

దీనికి వ్యతిరేకంగా, బేస్ ఎక్కువైపోయి ప్రతి పాటా ఒకేలా గుంయ్‌మంటోందా? స్పీకర్లు గది మూలల్లోనో, గోడకి ఆనించో ఉన్నాయేమో చూడండి. గోడ, నేల, మూల, ఇవన్నీ కింది స్వరాలని పెంచుతాయి. ఒక అడుగు ముందుకి జరిపితే చాలా వరకు తేరుకుంటుంది. కొన్ని స్వరాలు మాత్రం గది కొలతల వల్లే ఉబ్బుతాయి. అప్పుడు కుర్చీని కాస్త ముందుకో వెనక్కో జరిపినా తేడా తెలుస్తుంది.

సబ్‌వూఫర్ ఉన్న ఇళ్లల్లో అది దాదాపు ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. డబ్బు పెట్టి కొన్నది వినబడాలి కదా అని పెంచేస్తారు. కళ్లు మూసుకుంటే సబ్‌వూఫర్ ఫలానా మూలలో ఉందని వేలు పెట్టి చూపించగలిగారంటే మోతాదు మించింది. బేస్ కూడా ముందున్న స్పీకర్లలోంచే వస్తోందని భ్రమ పడేంత ఉంటే చాలు.

చిన్న స్పీకర్లని నేల మీదో, బీరువా పైనో పెట్టడం ఇంకోటి. పై స్వరాలు పలికే ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి. ఆ తర్వాత రిమోట్‌లోని సెట్టింగులు. హాల్, స్టేడియం లాంటి మోడ్‌లు లేని ప్రతిధ్వనిని కలుపుతాయి. కింది, మధ్య, పై స్వరాలని విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో రెండు చివరలూ పైకి తోసి మధ్యలో లోయ చేస్తే మొదటి పాటకి హుషారుగా ఉంటుంది, కానీ గాయకుడు వెనక గదిలోకి వెళ్లిపోతాడు. అన్నీ సున్నా దగ్గర పెట్టి ఒకసారి వినమనండి.

గది మాట కూడా ఉంది. నున్నటి నేల, గాజు తలుపులు, ఖాళీ గోడలు ఉంటే మంచి స్పీకర్లు కూడా కీచుగా మోగుతాయి. గట్టిగా ఒక చప్పట కొట్టి, దాని వెనక ఝుమ్మని తోక వినిపిస్తుందేమో చూడండి. వినిపిస్తే మందపాటి తివాచీనో, బరువైన కర్టెన్లో, నిండా పుస్తకాలున్న అలమరో కొంత సాయం చేస్తాయి.

సరే, ఇవన్నీ నొప్పించకుండా ఎలా చెప్పాలి?

మొదటి రోజు మొదటి పాటకే కాదు. అతను కావలసినంత వినిపించాక, మీరు మెచ్చుకోవాల్సింది మెచ్చుకున్నాక, కుతూహలంగా అడగండి. "ఒకటి చేసి చూద్దామా? వీటిని కొంచెం ముందుకి లాగి విందాం. నచ్చకపోతే ఉన్నచోటే పెట్టేద్దాం." ఇందులో తప్పు పట్టినట్టు లేదు, ఇద్దరికీ ఆటలా ఉంటుంది. జరిపే ముందు స్పీకర్ అంచు దగ్గర నేల మీద చిన్న టేపు ముక్క అతికించండి, వెనక్కి పెట్టడం సులువు. స్పీకర్ జరిపేదీ, నాబ్ తిప్పేదీ అతని చెయ్యే కావాలి. మీరు లేచి వెళ్లి ఈక్వలైజర్ మార్చడం అంటే పరాయి వంటింట్లో ఉప్పు వేసినట్టే.

మార్చాక "చూశావా!" అనకండి. "నీకెలా ఉంది?" అనండి. ముందున్నదే బాగుందంటే అలాగే వదిలేయండి. కొందరికి గుంయ్‌మనే బేస్ నిజంగానే ఇష్టం, అది వాళ్ల గది, వాళ్ల చెవులు. చెవులన్నీ ఒకటి కావు కూడా. వయసుతో పాటు పై స్వరాలు వినబడటం తగ్గుతుంది కాబట్టి మీకు గుచ్చుతున్నది నడివయసు దాటిన స్నేహితుడికి అసలు తెలియకపోవచ్చు.

వాల్యూమ్ పెంచుతూనే ఉన్నాడు. తగ్గించమంటే ఏమనుకుంటాడో?

ఏమీ అనుకోడు, చెప్పండి. అన్నిట్లోనూ మొహమాటం పనికొస్తుంది కానీ చెవుల విషయంలో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి సూచించిన పరిమితి 80 డెసిబెళ్ల (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గర వారానికి 40 గంటలు. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 90 దగ్గరికి వచ్చేసరికి వారం మొత్తానికి మిగిలేది సుమారు 4 గంటలే. పక్క మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే చాలా ఎక్కువైనట్టు. "కొంచెం తగ్గించరా, గొంతు ఇంకా బాగా వినబడుతుంది" అంటే మాట నిజం, వినడానికీ బాగుంటుంది.

అసలు ఎందుకు పెంచుతాడంటే, బిగ్గరగా ఉన్నది చెవికి మెరుగ్గా అనిపిస్తుంది. మెల్లగా పెట్టినప్పుడు కింది స్వరాలు చెవికి ఆనవని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. పెంచగానే బేస్ నిండుగా వస్తుంది, "ఇదీ సౌండంటే" అనిపిస్తుంది. కొన్ని యాంప్‌లలో ఉండే లౌడ్‌నెస్ బటన్ ఇందుకోసమే, తక్కువ వాల్యూమ్‌లో బేస్‌ని కాస్త ఎత్తి చూపిస్తుంది. ఆ బటన్ ఉంటే వాల్యూమ్ తగ్గించి అది నొక్కమనండి. గోడ అవతలి పొరుగువాళ్లు కూడా సంతోషిస్తారు.

వాట్ల లెక్క చెబుతున్నాడు. పెట్టె మీద వేలల్లో ఉంది. నవ్వు ఆపుకోలేకపోతున్నాను.

ఆపుకోండి. పీఎంపీఓ అని రాసే ఆ సంఖ్యకి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు, అమ్మేవాళ్లు వేసుకున్న అంకె అది. చూడాల్సింది ఆర్ఎంఎస్ అని రాసే నిలకడ సామర్థ్యం, అది అందులో చిన్న ముక్క. అయితే అతను కొనేశాడు, మీ పాఠం వల్ల ఆ వాట్లు పెరగవు.

పాఠం పనికొచ్చే సందర్భం ఒకటుంది. "50 వాట్ల యాంప్ తీసేసి 100 వాట్లది పెడతా, డబుల్ సౌండ్ వస్తుంది" అన్నాడనుకోండి, అది కాబోయే ఖర్చు. అప్పుడు చెప్పండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే, తేడా తెలుస్తుంది కానీ అంతకుమించి ఏం లేదు. చెవికి రెట్టింపు శబ్దం అనిపించాలంటే 10 డెసిబెళ్లు పెరగాలి, అందుకు పది రెట్ల వాట్లు కావాలి. ఒక్క వాట్‌తో మీటరు దూరంలో 85 నుంచి 90 డెసిబెళ్లు ఇచ్చే స్పీకర్లు మామూలే. ఇంట్లో మామూలుగా వినేటప్పుడు యాంప్ చాలాసేపు ఒకటి రెండు వాట్ల దగ్గరే నడుస్తుంది.

కేబుల్ మార్చాడట. "తేడా తెలుస్తోందా?" అంటున్నాడు. నాకేం తెలియట్లేదు.

"నా చెవికి అందట్లేదురా" అనండి. వాదం అక్కర్లేదు, అబద్ధమూ అక్కర్లేదు. దూరానికి తగినంత మందం ఉండి, రాగి తీగతో చేసిన మామూలు స్పీకర్ వైరు ఇంటికి సరిపోతుంది. అతను బిగించినది దానికన్నా ఖరీదైనదే కావచ్చు, పోయేదేం లేదు.

అతనికి తేడా వినబడుతోందంటే అబద్ధమాడుతున్నాడని అనుకోకండి. కంటికి కనబడేది చెవిని మారుస్తుంది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే స్పీకర్లని ఒకసారి ఎదురుగా పెట్టి, ఇంకోసారి కనబడకుండా చేసి వినిపించి మార్కులు వేయించారు. ఆ మార్కులు ఈ మార్కులు కలవలేదు, అదీ విని విని అలవాటున్నవాళ్ల దగ్గర కూడా. మీ స్నేహితుడు ఆ కేబుల్ కోసం ఎదురుచూసి, విప్పి, బిగించి మరీ వింటున్నాడు. అతని చెవి మారకపోతేనే ఆశ్చర్యం.

"ఇంకో వంద గంటలు మోగితే సౌండ్ తెరుచుకుంటుంది" అనే మాట కూడా ఇలాంటిదే. స్పీకర్‌లో మొదట్లో వచ్చే మార్పు చిన్నది, ఎక్కువగా అలవాటు పడేది వినే మనిషి. దీన్ని మాత్రం ఖండించకండి. డబ్బు ఖర్చు లేని నమ్మకం, పైగా ఆ వంద గంటలూ పాటలు వింటాడు.

"నీకిష్టమైన పాట పెట్టు" అని ఫోన్ చేతికిచ్చాడు. ఏది పెట్టాలి?

ఇక్కడ మీరు ఆ సెట్‌ని గెలిపించొచ్చు, ఓడించొచ్చు. ఓడించడం చాలా సులువు, నలభై వాయిద్యాల ఆర్కెస్ట్రానో, నేల అదిరే ఎలక్ట్రానిక్ బేస్‌నో పెడితే చిన్న స్పీకర్లు చేతులెత్తేస్తాయి. ఒక గొంతు, ఒకటి రెండు వాయిద్యాలు, పెద్దగా హంగులేని రికార్డింగ్ పెట్టండి. అందులో అతని సెట్ బాగుంటుంది, మీ మెప్పు కూడా నిజమవుతుంది. పాట మీకు బాగా తెలిసినదై ఉండాలి. బ్లూటూత్ మీద పెడుతుంటే ఫోన్ వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెంచి, సెట్ వాల్యూమ్‌ని ముందే తగ్గించుకోండి. ఫోన్ దగ్గర సగంలో ఆపేసి సెట్‌ని పూర్తిగా తిప్పడం వల్ల వచ్చే బుస్సుమనే శబ్దానికి అతని యాంప్‌ని అనవద్దు.

ఇంట్లోవాళ్లు నన్ను సాక్షిగా పిలుస్తున్నారు. "మీరే చెప్పండన్నయ్యా, దీనికి ఇంత తగలేయాలా?"

ఈ గొడవ మీరు రాకముందే ఉంది, మీరు వెళ్లాక కూడా ఉంటుంది. "నేను పాటలకి వచ్చానమ్మా, పంచాయితీకి కాదు" అని నవ్వి తప్పుకోండి. కుదిరితే అడిగినవాళ్లకి నచ్చిన పాట ఏదో కనుక్కుని అది పెట్టించండి. చాలా ఇళ్లల్లో ఆ పని ఇంకా ఎవరూ చేసి ఉండరు.

వినిపిస్తున్నది వయసులో పెద్దాయన, లేదా మా ఆఫీసు బాస్ అయితే?

పైన చెప్పిన సలహాల భాగం మొత్తం పక్కన పెట్టండి. పెద్దాయనైతే ఆ సెట్ వెనక కథ అడగండి, "ఇది ఎప్పటిదండీ?" అంటే చాలు. పాత క్యాసెట్ ప్లేయరో, రికార్డ్ ప్లేయరో అయితే ఆ కథే పాట కన్నా బాగుంటుంది. ఒక్క మినహాయింపు: రికార్డ్ ప్లేయర్, స్పీకర్లు ఒకే బల్ల మీద ఉండి, వాల్యూమ్ పెంచగానే ఊఁ అని హోరు వస్తుంటే స్పీకర్ల అదురు బల్ల ద్వారా సూదికి తగులుతోందన్నమాట. "స్పీకర్లు వేరే బల్ల మీద పెట్టి చూద్దామాండీ, నేను పట్టుకుంటాను" అనొచ్చు. బాస్ విషయానికొస్తే, అడగని సలహా అసలు వద్దు, అడిగిన సలహా కూడా సగమే.

వీడియో తీసి పంపాడు, "ఎలా ఉందో చెప్పు" అని.

ఫోన్ మైకు పెద్ద శబ్దాన్ని తనంతట తనే అణిచేస్తుంది, ఆ పైన మెసేజ్‌లో కుదించి పంపుతారు, చివరికి మీరు వినేది మీ ఫోన్ స్పీకర్‌లో. అందులో అతని సెట్ గురించి తెలిసేదేం ఉండదు. "ఇలా కాదు, వచ్చి వింటాను" అని రాయండి. నిజంగా వెళ్లండి.

వెనక్కిచ్చే గడువు ఇంకా ఉంది. ఇప్పుడైనా నిజం చెప్పాలా?

ఇది కష్టమైన ప్రశ్న. గడువు ఉన్నంతవరకు అది అయిపోయిన ఖర్చు కాదు. అందుకని అతని సంతోషం ఎలా ఉందో చూడండి. పూర్తిగా తృప్తిగా ఉంటే వదిలేయండి, వాడేది అతను. "కొంచెం అనుమానంగానే ఉందిరా" అని తనే నోరు విప్పితే మాత్రం దాటవేయకండి. ముందు వైర్లు, చోటు, సెట్టింగులు చూసి, అప్పటికీ బాగాలేకపోతే "గడువు అయ్యేలోపు ఇంకొకటి విని పోల్చి చూడు" అనండి. పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానంగా పెట్టుకోవాలని కూడా చెప్పండి, లేకపోతే బిగ్గరగా ఉన్నదే గెలుస్తుంది.

ఒక పక్క స్పీకర్ మొత్తం మూగబోవడం, గరగరమనే శబ్దం, ఒక పక్క ట్వీటర్ అసలు మోగకపోవడం, ఇలాంటివైతే ఆలోచించేదేం లేదు. వెంటనే చెప్పండి. అది సరుకులో లోపం, అతని అభిరుచిలో కాదు. వైరో యాంప్లిఫయరో వేడెక్కి కాలిన వాసన వస్తుంటే పాట మధ్యలోనే ఆపించండి.

ఇంకో స్నేహితురాలు అదే మోడల్ కొనబోతూ నన్ను అడిగింది. ఏం చెప్పాలి?

మీరు విన్నది చెప్పండి, కానీ అతని పేరు మధ్యలోకి తేకుండా. "గొంతులు బాగుంటాయి, పెద్ద గదికి చాలదనిపించింది, కొనేముందు నువ్వు తెలిసిన పాట ఒకటి పట్టుకెళ్లి విను" అంటే సరిపోతుంది. "వాడు కొని మోసపోయాడు" అన్న మాట సాయంత్రంలోపు అతని దగ్గరికి చేరుతుంది.

వెళ్లిన ప్రతిసారీ అవే మూడు పాటలు వినిపిస్తున్నాడు.

మొదటిది మొదలవగానే "ఇవాళ నేనొకటి తెచ్చాను" అనండి.

అటు తిప్పి ఇటు తిప్పి, వినిపించేది నేనే అయితే?

ముందు ఒక పాట చాలు. అది కూడా వచ్చినవాళ్లు అడిగితేనే ఇంకోటి. రిమోట్ వాళ్ల చేతికివ్వండి, వాల్యూమ్ ఎంత పెట్టుకుంటారో చూస్తే వాళ్లకి ఏది ఇష్టమో మీకే తెలుస్తుంది. "ఎలా ఉంది?" అని అడగకండి, వాళ్లంతట వాళ్లు అనాలి. అనకుండా కబుర్లలో పడ్డారంటే వాల్యూమ్ తగ్గించి వాళ్లతో కబుర్లలో కూర్చోండి. వెనకాల మెల్లగా మోగుతున్న పాట ఎప్పుడో ఒకప్పుడు వాళ్లని మధ్యలో ఆపి "ఇదెవరు పాడింది?" అని అడిగిస్తే, అప్పుడు పెంచండి.